ఏడో పెట్టెలో తప్పు

తమిళనాట ఉడుమలైపేట చుట్టుపక్కల ఊళ్లకు నెలకొక రోజు కరెంటు ఉండదు. లైన్లు బాగుచేసుకోవాలని కరెంటు వాళ్లు పొద్దున తొమ్మిదికి తీసేసి మధ్యాహ్నం రెండుకు ఇస్తారు. మోటార్లు ఆడవు కాబట్టి బావి పనులున్న వాళ్లు ఆ రోజునే బావిలోకి దిగుతారు. టీవీలు ఆడవు కాబట్టి మిగతా వాళ్లు కాలక్షేపం వెతుక్కుంటారు. ఆ శనివారం కాలక్షేపం బాధ్యత గోవిందరాజ్ తాత నెత్తిన వేసుకున్నాడు. కొబ్బరి చిప్పలు ఎండబెట్టే సిమెంటు కళాన్ని ఒక పక్కగా ఊడిపించి, చెట్ల నీడ పడే చోట ఇరవైమందిని వరసగా నిలబెట్టి, దేవరాట్టం నాట్యానికి సాధన మొదలుపెట్టించాడు. వచ్చే వారం పళని దగ్గర ఒక ఊళ్లో ఆట ఉంది. అక్కడ కాలు తప్పితే అయినవాళ్లే ఏడాది పొడుగునా చెప్పుకుని నవ్వుతారు.

ఆటకు ఉరుమి డోలు కొడుతున్నది తాత మనవరాలు కళైవాణి. ఆడపిల్ల మెడలో ఉరుమి ఏమిటని ముక్కు విరిచిన వాళ్లు ఊళ్లో లేకపోలేదు. "మగపిల్లోళ్లు ఫోను మోస్తా ఉండారు, అది ఉరుమి మోస్తా ఉండాది. మీకేమి బరువు?" అని తాత ఒక్కసారి అడిగాడు. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. వారమంతా కోయంబత్తూరు కాలేజీలో పరిశోధన చేసుకునే ఆ పిల్ల శుక్రవారం సాయంత్రం బస్సెక్కి వచ్చేది ఈ తోలు చప్పుడు కోసమే. ఎడమవైపు తోలు మీద వంపు కర్ర రాస్తే వచ్చే ఆ మూలుగు చెవిన పడితే తప్ప వారం గడిచినట్టు ఉండదని ఆమె అంటుంది.

ఆమె పరిశోధన ఏమిటో చెప్పాలంటే ముందు తాత పద్ధతి చెప్పాలి. సాధన మంచి ఊపులో ఉండగా తాత ఉరుమి తీసుకుని, తాళం నడకలో ఎక్కడో ఒక చోట కావాలని తప్పు దెబ్బ వేస్తాడు. చెవితో వింటూ ఆడేవాడి కాలు అక్కడ తడబడుతుంది. అలవాటు కొద్దీ ఆడేవాడి కాలు ఏమీ ఎరగనట్టు సాగిపోతుంది. తడబడినవాడే ఆటగాడు, తడబడనివాడు వట్టి యంత్రమని తాత లెక్క. కళైవాణి చేసేదీ అదే, కాకపోతే కంప్యూటరులో. చక్కగా నడుస్తున్న ప్రోగ్రాములో కావాలని ఒక తప్పు పెడుతుంది. దాని మీద పరీక్షలన్నీ నడుపుతుంది. పరీక్షలు తప్పును పట్టుకుంటే ఆ తప్పు చచ్చినట్టు. పట్టుకోకపోతే అది బతికి ఉన్నట్టు, పరీక్షల్లోనే లోపం ఉన్నట్టు. అలా నాలుగేళ్లలో నాలుగు వందల పన్నెండు తప్పులు పెట్టింది. నాలుగు వందల పదకొండు చచ్చాయి. ఒక్కటి మాత్రం ఏ పరీక్షకూ దొరకకుండా బతికి కూచుంది. దాని మీద ఒక అధ్యాయం రాసి, వచ్చే నెలలో థీసిస్ ఇచ్చేస్తే డాక్టర్ కళైవాణి అయిపోవచ్చు.

ఆ ప్రోగ్రాము ఉండేది రైతుల మోటారు గదుల్లో గోడకు తగిలించే ఒక పెట్టెలో. కోయంబత్తూరులో సతీష్‌కుమార్ అనే ఆయన చిన్న కంపెనీ పెట్టి ఆ పెట్టెలు చేస్తాడు. లోపల ఫోను సిమ్, కరెంటు లేనప్పుడు అది పనిచేయడానికి చిన్న బ్యాటరీ ఉంటాయి. ఇంట్లో కూచుని ఫోను నొక్కితే తోటలో మోటారు ఆడుతుంది, ఆగుతుంది. కరెంటు పోయి వస్తే దానంతటదే అందుకుంటుంది. బావిలో పని ఉన్నప్పుడు ఫోనులోనే లాక్ వేసుకోవచ్చు. ఇక లాక్ తీసేదాకా కరెంటు వచ్చినా సరే మోటారు కదలకూడదు. పరిశోధనకని సతీష్‌కుమార్ ఇచ్చిన పన్నెండు పెట్టెలు మూడు వారాల కిందటి దాకా కాలేజీలో ఆమె బల్ల మీదే ఉండేవి. తర్వాత వాటిలో అయిదింటిని అయిదుగురు రైతులకు వాడి చూడమని ఇచ్చారు. ఒకటి ఆమె మేనమామ సత్యరాజ్‌కే వచ్చింది.

పన్నెండున్నర దాటింది. కళైవాణి మూడో నడక అందుకుని చివరిదాకా వాయించి, చెమట తుడుచుకుంది. తాత కొబ్బరి మొద్దు మీద కూచుని కళ్లు మూసుకుని విన్నాడు. కళ్లు తెరిచి నవ్వాడు.

"ఏమి తాతా, ఏమిటికి నగుతావు?"

"నగక ఏమి చేసేది. ఆ మూడో నడకలో నడిమధ్య నువ్వు కొట్టే దెబ్బ తప్పు దెబ్బ. మూడు వారాల కింద ఒక శుక్రవారం నేనే వేస్తిని, వీళ్లను పట్టుకొనేదానికి. ఆ పొద్దు నువ్వు బస్సు దిగి నేరుగా వస్తివి. నాకు అలుపు, ఉరుమి నీ చేతికి ఇచ్చేస్తిని. తీసేసేది మరిచిపోయినాను. నువ్వు దాన్నే నేర్చుకొని కొడతా ఉండావు. వీళ్లు దానికే ఆడతా ఉండారు."

వరసలో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. కళైవాణి కూడా నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఉండగానే ఆ శుక్రవారం ఆమె కళ్ల ముందుకు వచ్చింది.

బల్ల మీద ఏడో పెట్టె. దాని వెనక గుచ్చిన తీగ. బతికి ఉన్న ఆ ఒక్క తప్పును అసలు పెట్టెలో పెట్టి చూద్దామని మధ్యాహ్నమే ఎక్కించింది. చూసింది. ఇక పాత ప్రోగ్రాము తిరిగి ఎక్కించాలి. అందుకు పావుగంట పడుతుంది. గడియారంలో నాలుగూ పది. పళని బస్సు నాలుగున్నరకు. కళైవాణికి ఒక పాడు అలవాటు ఉంది, పని చేసే ముందే పట్టికలో టిక్కు పెట్టేస్తుంది. ఏడో పెట్టె ఎదుట టిక్కు పెట్టింది. తర్వాత తీగ పీకి, చుట్ట చుట్టి, సొరుగులో పడేసి, బస్సు కోసం పరుగెత్తింది. సోమవారం ఆమె వచ్చేసరికి కంపెనీ మనిషి పెట్టెలు పట్టుకుపోయాడు. పట్టికలో పన్నెండింటికీ టిక్కులున్నాయి. వాటిని చూసి ఆమె సంతకం కూడా చేసింది.

తీగ పీకింది గుర్తుంది. పాత ప్రోగ్రాము ఎక్కించింది గుర్తు లేదు. ఎక్కించి ఉంటే బస్సు దొరికేది కాదు. బస్సు దొరికింది.

 ఆ తప్పు ఏమిటో కళైవాణికన్నా బాగా తెలిసిన వాళ్లు లోకంలో లేరు. లాక్ వేస్తే పడుతుంది. లాక్ పడిందని ఫోనుకు మెసేజ్ వస్తుంది. నొక్కి చూసినా మోటారు ఆడదు. అన్నీ సరిగ్గానే ఉంటాయి. కరెంటు ఒకసారి పోయి మళ్లీ వస్తే మాత్రం పెట్టె లాక్ సంగతి మరిచిపోతుంది. అర నిమిషం ఆగి మోటారును ఆడిస్తుంది. కోయంబత్తూరు బల్ల మీద దాని అందం చూసి ఆమె మురిసిపోయింది కూడా. మామ బావి మీద పెట్టింది ఏడో నంబరు పెట్టె. ఏడు మంచి నంబరని మామే ఏరుకున్నాడు.

"అత్తా," అంది కళైవాణి. చిప్పల కుప్ప పక్కన కూచుని ఉన్న సత్యరాజ్ భార్య పరమేశ్వరి తలెత్తింది. "మామ ఎక్కడ?"

"బాయిలో. కరెంటు లేదు కదా, మోటారు వైరు అతుకు వీడిపోయింది, సరి చేస్తానని పదకొండుకు దిగినాడు. ఏమిటికి?"

కళైవాణి ఫోను తీసి మామకు కొట్టింది. పరమేశ్వరి పక్కనున్న బుట్ట సంచిలో ఫోను మోగింది. నీళ్లలో పడిపోతుందని భార్యకు ఇచ్చి పోయాడు.

గంట చూసింది. ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ. రెండు దాకా కరెంటు రాదు, గంటకు పైగా వ్యవధి ఉంది, కంగారు పడనక్కర లేదని తనకు తాను చెప్పుకుంటూనే లైన్‌మన్ ఆండికి ఫోను చేసింది. మూడోసారికి ఆండి ఎత్తాడు.

"ఆండన్నా, కరెంటు ఎప్పుడు వస్తుంది?"

"ఈ పొద్దు నీకు అదృష్టమే. పని సీక్కిరం, గంట ముందే అయిపోయింది. సబ్‌స్టేషనుకు చెప్పేస్తిమి. పది నిమిషాల్లో ఇచ్చేస్తారు."

"వద్దన్నా. రెండు దాకా ఇవ్వొద్దని చెప్పు. మామ బాయిలో ఉండాడు."

"బాయిలో ఉంటే ఏమి, ఫ్యూజు పీక్కొని కదా దిగుతారు. ఇరవై ఊర్ల లైను ఇది, నా చేతిలో లేదు పిల్లా. సరి, చెప్పి చూస్తాను, ఫోను తీస్తారో లేదో."

ఫ్యూజు పీక్కుని దిగుతారు. అవును, ఈ నేల మీద బావిలోకి దిగే ప్రతి రైతూ ముందు మోటారు గదిలో మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకునే దిగుతాడు. వాళ్ల తండ్రులు నేర్పింది అదే. ఆ అలవాటు మాన్పించింది ఎవరంటే కళైవాణి. పెట్టెలు ఇచ్చిన రోజు ఉడుమలైపేటలో ఒక చిన్న హాలులో అయిదుగురు రైతులనూ కూచోబెట్టి, ఎదురుగా నిలబడి, "ఇంక ఫ్యూజులు పీకే పని లేదు. లాక్ వేస్తే చాలు. నేనే టెస్ట్ చేసినాను" అని చెప్పింది. ఆ మాట అన్నప్పుడు మామ పక్కవాళ్ల వైపు తిరిగి, మా అక్క కూతురు అని చెప్పుకుని పొంగిపోయాడు.

ఉరుమి మెడలోంచి తీసి నేల మీద పెట్టేసింది. తాత ఏదో అడిగాడు, ఆమె చెవికెక్కలేదు. పరమేశ్వరి తోటకు తిరిగే మోపెడ్ కళం వాకిట్లో ఉంది. తాళం దానికే ఉంది. కళైవాణి స్టార్ట్ చేసేసరికి పరమేశ్వరి పరుగున వచ్చి వెనక కూచుంది. అడగకుండానే ఏదో చెడు జరుగుతోందని ఆమెకు అర్థమయింది.

రెండు కిలోమీటర్ల దారి. అందులో సగం కాలువ గట్టు. గట్టు మీద బండి ఎగిరెగిరి పడుతోంది. పరమేశ్వరి మేనకోడలి భుజం గట్టిగా పట్టుకుని చెవి దగ్గర అడిగింది.

"ఏమైంది, చెప్పు."

"మామ ఫ్యూజు పీకి ఉంటాడా అత్తా?"

"ఏమిటికి పీకుతాడు? నా ఎదరే ఫోనులో లాక్ వేసినాడు. మెసేజ్ వచ్చింది, నాకు చూపించినాడు. మా వాణి పుణ్యం, ఆ గదిలో పాములు ఉంటాయి, ఇంక చెయ్యి పెట్టే పని లేదు అన్నాడు."

"ఆ లాక్ నిలవదత్తా. ఆ పెట్టెలో నేను తప్పు పెట్టినాను. తీసేది మరిచిపోయినాను. కరెంటు వస్తే మోటారు ఆడుతుంది."

 భుజం మీద పరమేశ్వరి వేళ్లు ఎముకలోకి దిగాయి. తిట్టి ఉంటే బాగుండేదని కళైవాణికి అనిపించింది. గట్టు మలుపులో బండి జారి పక్కకు ఒరిగింది, ఇద్దరూ కాళ్లు ఆనించి నిలబెట్టుకున్నారు. చీర అంచు చక్రంలో పడి చిరిగింది. పరమేశ్వరి దాన్ని లాగి పడేసి, "పో" అంది.

మోటారు గది ఇనుప తలుపుకు తాళం వేసి ఉంది. తాళం చెవి ఎక్కడుంటుందో ఇద్దరికీ తెలుసు. సత్యరాజ్ మొలతాడుకు. కళైవాణి తలుపును రెండుసార్లు కాలితో తన్నింది. ఆ తలుపు దొంగల కోసం చేయించింది, ఒక పరిశోధక విద్యార్థిని కాలికి కదులుతుందా. వదిలేసి బావి దగ్గరికి పరుగెత్తింది.

ఆ వైపు బావులు నలుచదరంగా, రాతిని తొలిచి దించినవి. అరవై అడుగుల లోతు. గోడలోంచి పొడుచుకు వచ్చిన రాతి మెట్ల మీదుగానే దిగాలి, ఎక్కాలి. అడుగున నీళ్లకు కొంచెం పైన ఒక తిన్నె ఉంది. దాని మీద సత్యరాజ్ మోకాళ్ల లోతు తడిసి కూచుని ఉన్నాడు. మోటారును గొలుసుతో తిన్నె మీదికి లాగి పెట్టుకున్నాడు. తోలు ఒలిచిన మూడు రాగి తీగలు ఎడమ చేతిలో ఉన్నాయి. కుడి చేతిలో టేపు ఉంది.

"మామా, పైకి రా."

బావి ఆ మాటను నాలుగు గోడలకూ కొట్టి ముక్కలు చేసింది. సత్యరాజ్ తలెత్తి చూశాడు.

"ఎవురు, వాణియా? ఆట అయిపోయిందా?"

"పైకి వచ్చేయి. కరెంటు వస్తా ఉంది."

"రానీ. లాక్ వేసినాను. ఇంక పది నిమిషాలు, అతుకు కట్టేసి వస్తాను. ఇప్పో వదిలితే మళ్లీ మొదటి నుంచీ చేయాల."

"లాక్ పని చేయదు మామా."

"చేస్తుంది. మెసేజ్ వచ్చిందే. నువ్వే కదా చెప్పినావు."

నమ్మకం ఎంత మొండిదో ఆ క్షణంలో ఆమెకు తెలిసింది. తాను నాటిందే, తాను పీకితే రావడం లేదు. బావి అంచున మోకాళ్ల మీద కూచుని, ముందుకు వంగి, ఒక్కో మాటా విడివిడిగా, గొంతు చిరిగేలా చెప్పింది.

"ఆ మెసేజ్ అబద్ధం. నేను పెట్టిన తప్పు అది. నీ పెట్టెలోనే ఉండాది. తీయకుండా ఇచ్చేసినాను. కరెంటు వస్తే నువ్వు చచ్చిపోతావు మామా."

 సత్యరాజ్ తన ఎడమ చేతి వైపు చూసుకున్నాడు. ఆ చేతిలో ఉన్నవేమిటో అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తీగలను మెల్లగా తిన్నె మీద పెట్టాడు. లేచి, మొదటి మెట్టు పట్టుకున్నాడు.

తడి కాళ్లు, పాచి పట్టిన రాళ్లు. పరుగున ఎక్కడానికి వీల్లేదు. ఒక మెట్టు, ఒక చెయ్యి, ఇంకో మెట్టు. పైన పరమేశ్వరి పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తోందో వినబడడం లేదు. కళైవాణి మెట్లు లెక్కపెడుతోంది. అయిదు. ఆరు. ఏడో మెట్టు మీద మామ కాలు జారి, మోకాలు రాతికి కొట్టుకుంది. ఆగి ఊపిరి తీసుకున్నాడు.

అప్పుడు పడమటి తోటలో బోరు మోటారు గుర్రుమంది. వెంటనే దాని పక్కది. దూరంగా ఇంకొకటి. కరెంటు వచ్చింది.

"మామా, ఆగొద్దు. రా. రా."

అర నిమిషం. ఆ అర నిమిషం కూడా ఆమెకు తెలిసిన లెక్కే, ఎన్నిసార్లు బల్ల దగ్గర గడియారం పట్టుకుని చూసిందో. ముప్ఫై నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై అయ్యేసరికి మామ తొమ్మిదో మెట్టు మీద ఉన్నాడు. పదయ్యేసరికి పదమూడో మెట్టు మీద ఉన్నాడు. మోకాలి నుంచి రక్తం పాదం దాకా దిగింది.

మోటారు గదిలో టక్కుమని చప్పుడయింది.

బావి అడుగున నీలం మెరుపు ఒకటి లేచింది. రాయి పగిలినట్టు చప్పుడు. కాలిన రాగి వాసన పొగతో కలిసి పైకి వచ్చింది. గదిలో ఇంకేదో ఫట్టుమని, అంతా ఆగిపోయింది. సత్యరాజ్ రెండు చేతులతో గోడను కరుచుకుని, ముఖం రాతికి ఆనించి ఉండిపోయాడు. తాను ఇంతసేపూ కూచున్న తిన్నె నల్లబడి, దాని మీద టేపు చుట్ట మంట పట్టుకుని కాలుతోంది.

"ఏమండీ," అంది పరమేశ్వరి.  మళ్లీ అంది.

"ఉండాను," అన్నాడు సత్యరాజ్.

మిగతా మెట్లు ఎక్కడానికి చాలా సేపు పట్టింది. ఇద్దరూ చెరొక రెక్కా పట్టి గట్టు మీదికి లాగారు. అతను కూచుని కాళ్లు చాపుకున్నాడు.   పరమేశ్వరి ఒక్కసారిగా కళైవాణి వైపు తిరిగి, వీపు మీద రెండు చేతులతో దబదబ కొట్టింది. కొట్టి, ఆ పిల్ల మీదే పడి భోరుమని ఏడ్చింది. కళైవాణి ఏడవలేదు. ఏడ్చే హక్కు తనకు లేదనిపించింది.

సత్యరాజ్ మొలతాడు నుంచి తాళం చెవి తీసి భార్య చేతిలో పెట్టాడు. "పోయి మెయిన్ దించేసి రా. కట్టె పుల్లతో దించు, చెయ్యి పెట్టకు." ఆమె వెళ్లింది. ఏమంటాడో, ఎంత అంటాడో అని కళైవాణి తల వంచుకుని కూచుంది. ఏమన్నా పడడానికి సిద్ధంగా ఉంది.

"వాణీ," అన్నాడు చివరికి. "మిగతా పెట్టెలు ఎవురి బాయిల్లో ఉండాయి?"

ఆమె తలెత్తింది.

"ఏడో దానిలోనే ఈ తప్పు పెట్టినాను మామా. మిగతావాటిలో వేరేవి పెట్టినాను. తీసేసినాననే అనుకొంటా ఉండాను."

"దీంట్లో కూడా తీసేసినాననే కదా అనుకొన్నావు."

 పట్టికలో పన్నెండు టిక్కులున్నాయి. అందులో ఏది పనికి ముందు పెట్టింది, ఏది తర్వాత పెట్టిందో ఈ రోజు ఎవరు చెప్పగలరు. మనిషి కింద చావును చూసి పైకి వచ్చి ఇంకా ఊపిరి కుదుటపడకుండానే ముందు అడిగింది పరాయి వాళ్ల బావుల గురించి. కళైవాణి ఫోను తీసింది. కంపెనీ ఆయనకు తెలియకుండా చేయడం మర్యాద కాదని ముందు సతీష్‌కుమార్‌కు చేసి, జరిగింది దాచకుండా చెప్పింది.

సతీష్‌కుమార్ చెడ్డవాడు కాదు. ముందు మామ ఎలా ఉన్నాడని అడిగాడు. ఆస్పత్రికి తీసుకుపొమ్మన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"విను కన్నా. రైతులకు ఎవురికీ ఫోన్ చేయొద్దు. సోమవారం పొద్దున నా ఆళ్లను పంపి నాలుగు పెట్టెలూ మార్పించేస్తాను. సర్వీస్ అని చెప్తాము. ఈ మాట బయటికి పోతే నా కంపెనీ మూసుకొనేదే. నీ థీసిస్ కూడా నేనిచ్చిన పర్మిషన్ లెటర్ మీదనే ఉండాది. దాన్ని నేను వెనక్కి తీసుకొంటే నాలుగేళ్లు పోతాయి. నీ మేలు కోరే చెప్తా ఉండాను."

"సోమవారం దాకా ఎవురూ బాయిలోకి దిగకుండా ఉంటారా సార్?"

"ఒక్క రోజు మధ్యలో. ఏమీ కాదు."

"కాకపోతే మంచిదే సార్. అయితే నేను వాళ్ల ఎదర నిలబడి నేనే టెస్ట్ చేసినాను అన్నాను. మీరు అనలేదు."

ఆయన ఏదో అంటూనే ఉన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది.  నాలుగేళ్లు అన్న మాట చిన్నది కాదు. హాస్టలు గదిలో ఎన్ని పండుగలు గడిచాయి, ఎన్ని పెళ్లి సంబంధాలు చదువయ్యాక చూద్దామని తిప్పిపంపారు, అవన్నీ ఆ కాగితంతోనే పోతాయి. భయపడింది. భయపడుతూనే మొదటి నంబరు నొక్కింది.

మొదటి రైతు అర్థం చేసుకోవడానికి అయిదు నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక పెట్టెనే గోడ నుంచి ఊడబెరుకుతానన్నాడు. రెండో ఆయన, పళని దారిలో పూలతోట ఆయన, తిట్టాడు. చదువుకున్న దానివి కదా అని కూడా తిట్టాడు. అన్నీ విని, ఫ్యూజులు పీకండి అని మళ్లీ చెప్పింది. మూడో ఇంట్లో కోడలు ఎత్తింది, మామగారిని పిలిచి ఇచ్చింది, ఆయన సరే సరే అన్నాడు. నాలుగోది అన్నూరు రంగనాథన్. మోగి మోగి ఆగిపోయింది.

మళ్లీ చేసింది. ఎత్తలేదు. సత్యరాజ్ ఆమె ముఖం వైపే చూస్తున్నాడు. పరమేశ్వరి చిరిగిన చీర అంచుతో అతని మోకాలికి కట్టు కడుతూ చెయ్యి ఆపింది. అన్నూరు ఇక్కడికి మూడు గంటల దారి. అక్కడ కరెంటు ఉందో పోయిందో, పోయి వచ్చిందో ఎవరికి తెలుసు. అయిదోసారి, ఆరోసారి. ఏడోసారి మోగుతుండగా, ఇక ఎత్తరు అనుకున్నాక, ఎత్తాడు.

"ఎవురు?"

"పెద్దనాయనా, మీరు ఎక్కడ ఉండారు?"

"ఎక్కడ ఉంటాను, అరటికి నీళ్లు కడతా ఉండాను. ఫోను గట్టు మీద పెట్టినాను. ఎవురు అమ్మిణీ నువ్వు?"

"కళైవాణిని. మీ మోటారు పెట్టె టెస్ట్ చేసినదాన్ని. మీరు బాయిలోకి దిగినారా?"

"ఇంకా లేదు. రేపు ఆదివారం దిగాల. బురద తీసేదానికి ఇద్దరు ఆళ్లను కూడా మాట్లాడినాను. ఏమిటికి?"

 ఆదివారం. ముగ్గురు మనుషులు.

"దిగొద్దు పెద్దనాయనా. దిగితే ఫ్యూజులు పీకి దిగండి. ఆ లాక్‌ను నమ్మొద్దు. ఇప్పుడే మా మామ బాయిలో మోటారు ఆడేసింది, ప్రాణం మీదికి వచ్చింది. పెట్టెలో నేను పెట్టిన తప్పు ఉండిపోయింది. మీ దానిలో ఉండాదో లేదో నాకు తెలియదు."

అవతల నీళ్లు పారే చప్పుడు వినిపిస్తోంది. 

"లాక్ వేస్తే చాలని చెప్పింది నువ్వే కదా."

"నేనే చెప్పినాను. నేను చెప్పింది తప్పు."

"సరి," అన్నాడు ఆయన. "నువ్వు ఫోను పెట్టేయకు. లైన్లోనే ఉండు."

అడుగుల చప్పుడు. బురదలో, తర్వాత ఎండిన ఆకుల మీద, తర్వాత సిమెంటు మీద. ఇనుప తలుపు కిర్రుమంది. దూరంగా ఆడుతున్న మోటారు ఆగింది. కళైవాణి ఫోనును రెండు చేతులతో చెవికి నొక్కి పట్టుకుంది.

"ఒకటి," అన్నాడు రంగనాథన్. గూటిలోంచి ఫ్యూజు ఊడిన చప్పుడయింది. "రెండు."

మూడోది బిగిసినట్టుంది. ఆయన మూలుగుతూ లాగుతున్నాడు. 

"మూడు. జేబులో వేసుకొన్నాను. ఇంక ఏడవకు అమ్మిణీ."

తాను ఏడుస్తున్నట్టు ఆయన చెప్పేదాకా కళైవాణికి తెలియలేదు.